సింగపూర్ ఫిరంగులు నిజంగానే తప్పు దిక్కు చూశాయా?

రెండో ప్రపంచ యుద్ధం గురించి కాస్తో కూస్తో చదివినవాళ్లెవరినైనా సింగపూర్ ఎలా పడిపోయిందని అడగండి. "ఫిరంగులన్నీ దక్షిణాన సముద్రం వైపు పెట్టుకుని కూర్చున్నారు, జపాన్‌వాళ్లు వెనక నుంచి వచ్చేశారు" అనే జవాబు వస్తుంది. ఎనభై ఏళ్లుగా ఈ మాట నోటి నుంచి నోటికి పాకుతూనే ఉంది. చెప్పేవాళ్లకు తేలిక, విన్నవాళ్లు మర్చిపోరు. కానీ ఇందులో సగం తప్పు. మిగతా సగం నిజమే అయినా, దాన్ని బట్టి అందరూ తేల్చేసే విషయం మాత్రం నిజం కాదు.

ఈ చిక్కుముడి విప్పాలంటే సింగపూర్ దీవి తూర్పు కొసన, చాంగీ దగ్గర ఉన్న జొహోర్ బ్యాటరీతో మొదలుపెట్టాలి. ఒకే ఆజ్ఞ మీద ఒకే లక్ష్యాన్ని కలిసి కాల్చే ఫిరంగుల జట్టును బ్యాటరీ అంటారు. జొహోర్ బ్యాటరీలో మూడు ఫిరంగులుండేవి. గొట్టం లోపలి వెడల్పు 15 అంగుళాలు, అంటే 381 మిల్లీమీటర్లు. గొట్టం పొడవు 16 మీటర్లకు పైనే, బరువు 100 టన్నుల దాకా. అందులో పెట్టే ఒక్కో గుండు 879 కిలోలు. దాన్ని 30 కిలోమీటర్లు దాటించి కొట్టగలవు. బ్రిటన్ గడ్డ వదిలేస్తే, ఆ సామ్రాజ్యం మొత్తంలో ఇంత పెద్ద తీర ఫిరంగులు సింగపూర్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. మందుగుండు దాచే గదులు, గుండ్లను పైకి చేర్చే యంత్రాలు, సొరంగాలు అన్నీ భూమి లోపల కట్టారు.

సింగపూర్‌కు ఉత్తరాన, జలసంధి అవతల ఉన్న జొహోర్ రాజ్యపు సుల్తాన్ ఇబ్రహీం 1935లో బ్రిటన్ రాజు ఐదో జార్జి రజతోత్సవానికి 5 లక్షల పౌండ్లు కానుకగా ఇచ్చాడు. అందులో పెద్ద భాగం ఈ ఫిరంగుల ఖర్చుకే పోయింది. బ్యాటరీకి జొహోర్ పేరు పెట్టింది అందుకే. ఏడేళ్లు తిరక్కుండానే ఇవే ఫిరంగులు జొహోర్ రాజధాని మీదే గుండ్లు కురిపించాల్సి వస్తుందని అప్పుడెవరూ అనుకుని ఉండరు.

ఇంత పెద్ద ఫిరంగులు అక్కడ ఎందుకు పెట్టారన్నది అసలు ప్రశ్న. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి బ్రిటన్ అప్పుల్లో ఉంది. ఐరోపాలో ఒక నౌకాదళం, తూర్పున మరో నౌకాదళం పెట్టుకునే స్తోమత లేదు. అప్పటిదాకా మిత్రదేశంగా ఉన్న జపాన్‌తో ఒప్పందం వాషింగ్టన్ సమావేశం తర్వాత రద్దయింది. జపాన్ రేపటి శత్రువు కావచ్చన్న భయం అంతకుముందే మొదలైంది. 1921లో లండన్ ఒక ఉపాయం ఆలోచించింది. నౌకాదళం ఐరోపాలోనే ఉంటుంది. తూర్పున గొడవ మొదలైతే బయలుదేరి వస్తుంది. అది వచ్చి నిలవడానికి, మరమ్మతులు చేసుకోవడానికి, చమురు నింపుకోవడానికి సింగపూర్‌లో ఒక పెద్ద స్థావరం సిద్ధంగా ఉంటే చాలు. చరిత్రకారులు దీన్నే సింగపూర్ వ్యూహం అంటారు.

ఈ ఉపాయంలో ఫిరంగుల పని ఒక్కటే. నౌకాదళం వచ్చేలోపు శత్రువు ఓడలు స్థావరం జోలికి రాకుండా ఆపడం. అంటే ఫిరంగులే సింగపూర్‌ను చివరిదాకా కాపాడతాయని ఎవరూ అనుకోలేదు. కొన్ని వారాలు ఆపితే చాలన్నది లెక్క.

స్థావరాన్ని దీవికి ఉత్తరాన, సెంబవాంగ్ దగ్గర కట్టారు. దీవికీ మలయా ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న జొహోర్ జలసంధి ఒడ్డు అది. బహిరంగ సముద్రం మీద నుంచి నేరుగా కాల్చడానికి వీలుకాని, గాలివానల దెబ్బ తగలని చోటు. ఓడలు అక్కడికి రావాలంటే జలసంధి తూర్పు ముఖం గుండానే రావాలి. ఆ ముఖానికి ఒక పక్క చాంగీ, మధ్యలో పులావ్ టెకాంగ్ దీవి, అవతల పెంగెరాంగ్. జొహోర్ బ్యాటరీ అక్కడ ఉంది కాబట్టి దాని చూపు తూర్పు సముద్రం మీదే. "ఫిరంగులన్నీ దక్షిణం వైపు" అనే మాట ఇక్కడే వీగిపోతుంది. మిగతా రెండు 15 అంగుళాల ఫిరంగులు పడమటి భాగంలో బువోనా విస్టా బ్యాటరీలో ఉండేవి. దక్షిణాన ఉన్న కెపెల్ రేవు వైపు వచ్చే ఓడలను చూసుకోవడం వాటి పని. వీటికి తోడు 9.2 అంగుళాలవి ఆరు, మూడు టెకాంగ్ దీవి మీద, మూడు ఇప్పుడు సెంటోసా అంటున్న బ్లాకాంగ్ మాటి దీవి మీద ఫోర్ట్ కొనాట్‌లో. ఇంకా సిలోసో, లాబ్రడార్, పాసిర్ లాబా లాంటి చోట్ల 6 అంగుళాలవి 18. మొత్తం 29 పెద్ద ఫిరంగులు. వాటిని నడిపినవాళ్లలో బ్రిటిష్ సైనికులతో పాటు హాంకాంగ్ సింగపూర్ రాయల్ ఆర్టిలరీ సిపాయిలూ ఉండేవారు. వాళ్లను చేర్చుకున్నది భారతదేశం నుంచి, ఎక్కువగా పంజాబ్ నుంచి.

స్థావరం కోసం ఉత్తరపు ఒడ్డును ఎంచుకోవడంలోనే తర్వాత వచ్చిన కష్టానికి విత్తనం పడింది. జలసంధి అవతల జొహోర్ తీరం కిలోమీటరు దూరంలో ఉంటుంది. శత్రువు ఆ ఒడ్డుకు చేరి మామూలు ఫిరంగులు నిలబెట్టాడంటే, దీవి ఇంకా చేతిలోనే ఉన్నా స్థావరం మాత్రం పనికిరాకుండా పోతుంది. అంటే స్థావరాన్ని కాపాడుకోవాలంటే దీవిని కాపాడితే చాలదు, మొత్తం మలయాను కాపాడాలి. తప్పు దిక్కు గురించి మాట్లాడేవాళ్లు ఈ విషయం దగ్గర ఆగరు. నా దృష్టిలో సింగపూర్ కథలో అన్నిటికన్నా బరువైన విషయం ఇదే.

ఫిరంగులు పెట్టాలన్న నిర్ణయం కూడా సాఫీగా జరగలేదు. వైమానిక దళాధిపతి ట్రెంచర్డ్, ఫిరంగుల బదులు టార్పెడో విమానాలు పెడితే చవకగా, ఇంకా దూరంగా శత్రువును ఆపొచ్చని వాదించాడు. నౌకాదళం ససేమిరా అంది. విమానాలను ఎక్కడికైనా తరలించేస్తారు, కాంక్రీటులో దిగేసిన ఫిరంగి మాత్రం ఎక్కడికీ పోదు అన్నది వాళ్ల భయం. ఆ భయంలోనూ న్యాయం ఉందని తర్వాత తేలింది. 1924లో వచ్చిన లేబర్ ప్రభుత్వం పనులే ఆపేసింది. తర్వాతి ప్రభుత్వం మళ్లీ మొదలుపెట్టింది. 1929లో మళ్లీ మందగించాయి. 1932లో షాంఘైలో జపాన్ దాడి చేశాక గానీ లండన్‌లో తొందర పుట్టలేదు. చివరికి స్థావరం 1938 ఫిబ్రవరి 14న ప్రారంభమైంది.

తీర ఫిరంగి ఎలా పనిచేస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. యుద్ధంలో అది ఎక్కడ తడబడిందో అప్పుడే అర్థమవుతుంది. లక్ష్యం కదిలే ఓడ. గంటకు 46 కిలోమీటర్ల వేగంతో పోతున్న ఓడ మీదకు గుండు వదిలితే, అది గాలిలో 40 సెకన్లు ఉన్నా ఆలోపు ఓడ 500 మీటర్లు ముందుకెళ్లిపోతుంది. కాబట్టి ఓడ ఎక్కడుందో చూసి కాల్చడం కాదు, ఎక్కడ ఉండబోతోందో లెక్కగట్టి కాల్చాలి. అందుకోసం కొండల మీద ఒకదానికొకటి దూరంగా పరిశీలన కేంద్రాలు కట్టారు. ఒక్కో కేంద్రం నుంచి ఓడ ఏ కోణంలో కనిపిస్తోందో ఫోన్లో చెబుతూ ఉంటారు. ఆ కోణాలు కలిసే చోటే ఓడ ఉన్నట్టు. లెక్కల గదిలో దాని దారి గీసి, ముందుకు పొడిగించి, గొట్టం ఎంత ఎత్తాలో, ఎటు తిప్పాలో ఫిరంగి దగ్గరకు పంపుతారు. గుండు నీళ్లలో పడితే లేచే నీటి స్తంభాన్ని చూసి మళ్లీ సరిచేస్తారు. సముద్రం చదునుగా ఉంటుంది, అడ్డేమీ ఉండదు, ఓడ ఎంత దూరాన్నుంచైనా కనిపిస్తుంది. ఈ ఏర్పాటు మొత్తం ఆ ధీమా మీదే నిలబడింది.

గుండు కూడా ఆ పనికి తగ్గట్టే ఉంటుంది. యుద్ధనౌక ఉక్కు కవచాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లి అక్కడ పేలాలి. అందుకని గుండులో అత్యధిక భాగం గట్టి ఉక్కే. పేలుడు పదార్థం బరువులో రెండు మూడు శాతం మించదు. తగలగానే పేలకుండా, రెప్పపాటు ఆలస్యంగా పేలేలా ఫ్యూజు అమర్చుతారు. ఓడ మీద ఇది ప్రళయం. మెత్తటి నేల మీద అయితే బురదలో దిగిన మేకులా లోతుకు దిగబడి, అక్కడ పేలి, మట్టిని పైకి చిమ్మి ఊరుకుంటుంది. చెట్ల మాటున చెల్లాచెదురుగా ఉన్న సైనికుల మీద కాల్చాలంటే పలచటి గోడ, ఎక్కువ పేలుడు మందు, తగలగానే పేలే ఫ్యూజు ఉన్న వేరే రకం గుండు కావాలి.

ఉత్తరం నుంచి ముప్పు ఉందని ఎవరూ ఊహించలేదా అంటే, ఊహించారు. 1937లోనే మలయా సేనాధిపతి డాబీ, ఆయన దగ్గర ముఖ్య అధికారిగా ఉన్న పెర్సివల్ కలిసి దీన్ని పరిశీలించారు. ఈశాన్య రుతుపవనాల కాలంలో మలయా తూర్పు తీరాన దిగడం కుదరదన్న పాత నమ్మకం తప్పని తేల్చారు. జపాన్ సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) దక్షిణ తీరంలోనూ, మలయా ఈశాన్య కొసన ఉన్న కోటా బారులోనూ దిగి, అక్కడి విమాన స్థావరాలు పట్టుకుని, భూమార్గంలో కిందికి దిగి రావచ్చని రాశారు. నాలుగేళ్ల తర్వాత జరిగింది దాదాపు అక్షరం పొల్లుపోకుండా అదే. నన్ను ఎక్కువగా కలచివేసేది ఈ ఘట్టమే. 1942లో లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది కూడా ఆ పెర్సివల్‌కే.

ఈలోపు ఆ ఉపాయానికి ఉన్న మిగతా రెండు కాళ్లూ ఒక్కొక్కటే విరిగాయి. మొదటిది నౌకాదళం. మొదట్లో అది 42 రోజుల్లో వచ్చేస్తుందని లెక్కేశారు. తర్వాత 70 అన్నారు, ఆ తర్వాత 90. 1939 నాటికి అది 180 రోజులకు చేరింది. వారాలు ఆపితే చాలనుకున్నది ఆరు నెలలు ఆపాల్సిన పని అయింది. 1940లో ఫ్రాన్స్ పడిపోయాక మధ్యధరా సముద్రం భారమంతా బ్రిటన్ నౌకాదళం మీదే పడింది. తూర్పుకు పంపడానికి చెప్పుకోదగ్గ నౌకాదళమే మిగల్లేదు. ఆ సంగతి రాసిన రహస్య పత్రాలు ఆటోమెడాన్ అనే సరకు ఓడలో సింగపూర్‌కు వెళ్తుండగా, 1940 నవంబర్ 11న జర్మన్ దాడి నౌక అట్లాంటిస్ ఆ ఓడను పట్టుకుంది. పత్రాలు టోక్యోకు చేరాయి. బ్రిటన్ తూర్పుకు నౌకాదళాన్ని పంపే స్థితిలో లేదని జపాన్‌కు బ్రిటన్ కాగితాలే చెప్పాయి.

రెండోది విమానాలు. నౌకాదళం రాకపోతే విమానాలే మలయాను కాపాడాలని నిర్ణయించి, 336 విమానాలు అవసరమని లండన్ ఒప్పుకుంది. యుద్ధం మొదలైన రోజు మలయాలో ఉన్నవి 158. వాటిలోనూ బఫెలోలు, విల్డబీస్ట్‌లు లాంటి వెనకబడిన రకాలే ఎక్కువ. అయితే ఆ రాబోయే విమానాల కోసం ఉత్తర మలయాలో కోటా బారు, అలోర్ స్టార్ లాంటి చోట్ల రన్‌వేలు మాత్రం ముందే వేసేశారు. విమానాలు రాలేదు. ఖాళీ రన్‌వేలను కాపాడటానికి సైన్యాన్ని అక్కడక్కడా చీల్చి పెట్టాల్సి వచ్చింది. ఆ రన్‌వేలు చివరికి జపాన్ విమానాలకు పనికొచ్చాయి.

1941 డిసెంబర్ 8 తెల్లవారకముందే జపాన్ సైన్యం కోటా బారులో దిగింది. అక్కడి ఇసుకలో మొదట ఎదురు నిలిచింది భారత సైన్యపు డోగ్రా రెజిమెంట్. రెండు రోజుల తర్వాత, డిసెంబర్ 10న, ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు పెద్ద యుద్ధనౌకలను జపాన్ విమానాలు కువాంటాన్ దగ్గర సముద్రంలో ముంచేశాయి. రిపల్స్ మీద ఉన్నవి కూడా 15 అంగుళాల ఫిరంగులే, చాంగీలో ఉన్న రకానివే. ఆకాశం చేజారాక ఆ ఫిరంగులు ఓడ మీద ఉన్నా ఒకటే, ఒడ్డున ఉన్నా ఒకటే. జపాన్ సేనాని యమషితా సైన్యం మలయా పొడవునా దిగి వచ్చింది. జనవరి 31న బ్రిటిష్ సేనలు దీవిలోకి వెనక్కి వచ్చి, జొహోర్‌ను కలిపే వంతెన కట్టను పేల్చేశాయి.

ఇప్పుడు అసలు అపోహ దగ్గరకు వద్దాం. ఫిరంగులు ఉత్తరానికి తిరగలేదా? చాలావరకు తిరిగాయి. జొహోర్ బ్యాటరీ ఉత్తరానికి తిరిగి జొహోర్ బారు మీద కాల్చింది. శత్రువు దీవిలోకి వచ్చాక దీవి లోపలి లక్ష్యాల మీదా కాల్చింది. ఫోర్ట్ కొనాట్‌లోని 9.2 అంగుళాల ఫిరంగులు కూడా సముద్రానికి వీపు పెట్టి నేల మీదే కాల్చాయి. తిప్పలేకపోయినవి ప్రధానంగా బువోనా విస్టాలోని రెండు. అవి ఒక్క గుండు కూడా కాల్చకుండానే పోయాయి. ప్రచారంలో ఉన్న కథలో నిజం ఏదైనా ఉందంటే అది ఆ రెండింటికి సంబంధించినదే.

మరి కాల్చినవాటితో ఫలితం ఎందుకు రాలేదు? ఇంతకుముందు చెప్పిన ఏర్పాటునే గుర్తు చేసుకోండి. పరిశీలన కేంద్రాలన్నీ సముద్రం చూడటానికి కట్టినవి. జొహోర్ రబ్బరు తోటల్లో దాక్కున్న శత్రువు వాటికి కనిపించడు. నీటి స్తంభం లేవదు కాబట్టి గుండు ఎక్కడ పడిందో తెలియదు. 15 అంగుళాల ఫిరంగులకు ఉన్నవి దాదాపు అన్నీ కవచాన్ని చీల్చే గుండ్లే. నేల మీద పనికొచ్చే గుండ్లు 9.2 అంగుళాలవాటికి ఒక్కోదానికి సుమారు 30, 6 అంగుళాలవాటికి సుమారు 50 మాత్రమే ఉండేవి. పైగా ఈ ఫిరంగుల గుండు చదునుగా, దూసుకుపోయినట్టు వెళ్తుంది. గుట్ట వెనక దాగిన ఫిరంగి మీద నిటారుగా పడాలంటే హోవిట్జర్ కావాలి. జనవరిలోనే సర్వసేనాని వేవెల్ ఈ సంగతి బ్రిటన్ ప్రధాని చర్చిల్‌కు తంతి ద్వారా తెలియజేశాడు. పెద్ద ఫిరంగులు అన్ని వైపులకూ తిరుగుతాయి గానీ, శత్రు ఫిరంగులను అణచడానికి వాటి గుండు నడక తగదని స్పష్టంగా చెప్పాడు. దీవికి ఉత్తరం వైపు కోట కట్టడాలేవీ లేవని చర్చిల్ నిర్ఘాంతపోయింది కూడా ఆ రోజుల్లోనే. ఫిరంగులు అసలు తిరగవన్న మాట పుట్టకముందే దానికి జవాబు ఆయన బల్ల మీద ఉంది.

ఫిబ్రవరి 8 రాత్రి జపాన్ సేనలు దీవి వాయవ్య తీరాన, సరింబున్ వైపు దిగాయి. అప్పటికి మలయా సేనాధిపతిగా ఉన్న పెర్సివల్, దాడి ఈశాన్యం నుంచి వస్తుందనుకుని కొత్తగా వచ్చిన బలగాలను అటు పెట్టాడు. నా అభిప్రాయంలో ఆ వారంలో ఫిరంగి గొట్టం దిక్కు కంటే ఈ అంచనా చాలా ఎక్కువ నష్టం చేసింది. ఫిబ్రవరి 12 రాత్రి చాంగీ ప్రాంతాన్ని ఖాళీ చేశారు. వెళ్లేముందు జొహోర్ బ్యాటరీ ఫిరంగులను వాటి సైనికులే పేల్చేశారు. మూడు రోజులకు, ఫిబ్రవరి 15న, బుకిట్ తిమాలోని ఫోర్డ్ ఫ్యాక్టరీలో పెర్సివల్ లొంగిపోయాడు. నీటి సరఫరా చేతిలో లేకుండా పోవడం ఆ నిర్ణయానికి పెద్ద కారణం. 80 వేలకు పైగా సైనికులు బందీలయ్యారు. వాళ్లలో సగం దాకా భారతీయులే. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్క్‌లో వాళ్లను జపాన్‌కు అప్పగించడం, ఆజాద్ హింద్ ఫౌజ్ కథకు అది మొదలు కావడం ఇంకో పెద్ద చరిత్ర.

నేల మీద కాల్చే గుండ్లు పుష్కలంగా ఉండి ఉంటే సింగపూర్ నిలిచేదా? శత్రువుకు ఇంకొంచెం నష్టం జరిగేది, కొన్ని రోజులు ఎక్కువ పట్టేది. అంతకుమించి ఏమీ మారేది కాదని నా నమ్మకం. శత్రువు జొహోర్ ఒడ్డుకు చేరిన రోజే స్థావరం విలువ సున్నా అయింది. ఏ ఓడలూ రాని స్థావరం కోసం దీవిని పట్టుకుని వేలాడటమే మిగిలింది.

ఫిరంగుల వైపు నుంచి ఆలోచిస్తే కథ ఇంకోలా కనిపిస్తుంది. వాటికి అప్పగించిన పని సముద్రం మీద నుంచి దాడి రాకుండా చూడటం. అలాంటి దాడి రాలేదు. సముద్రం వైపు నుంచి ఎదురుగా కొట్టడం కుదరదని జపాన్ ముందే అంచనా వేసి, వెయ్యి కిలోమీటర్ల దాకా ఉండే భూమార్గం ఎంచుకుంది. ఒక ఫిరంగి ఒక్క ఓడనూ ముంచకుండానే తన పని చేయగలదు. అలాంటి విజయానికి లెక్క ఉండదు, ఫొటో ఉండదు, అందుకే ఎవరికీ కనిపించదు.

తప్పు దిక్కు కథ ఇంతకాలం బతకడానికి కారణం కూడా అర్థం చేసుకోదగ్గదే. ఇరవై ఏళ్ల పాటు వేర్వేరు ప్రభుత్వాలు డబ్బు దగ్గర వెనక్కి తగ్గాయి, హామీలు ఇచ్చి నిలబెట్టుకోలేదు, హెచ్చరికలు ఫైళ్లలో పెట్టాయి. ఇదంతా ఒక్క వాక్యంలో చెప్పలేం. ఎవరో ఇంజనీరు ఫిరంగిని అటుకు బదులు ఇటు బిగించాడంటే క్షణంలో అర్థమైపోతుంది. యుద్ధం జరుగుతుండగా ఈ పతనం మీద విచారణ వద్దని చర్చిల్ అన్నాడు. యుద్ధం అయ్యాక కూడా అధికారికంగా పెద్ద విచారణ జరగలేదు. జవాబు దొరకని చోట జనం కథ అల్లుకున్నారు. ఆ కథ వల్ల అన్యాయం జరిగింది మాత్రం ఆ ఫిరంగుల దగ్గర నిలబడి చివరి రోజుదాకా కాల్చిన సైనికులకు.

1956లో బ్రిటన్ తన తీర ఫిరంగి దళాలనే పూర్తిగా ఎత్తేసింది. విమానాలు, క్షిపణులు వచ్చాక కాంక్రీటులో కదలకుండా కూర్చునే ఫిరంగికి పని లేకుండా పోయింది. జొహోర్ బ్యాటరీ సొరంగాలు మట్టి కింద మరుగునపడి, 1991లో చాంగీ జైలు శాఖ స్థలంలో మళ్లీ బయటపడ్డాయి. ఇప్పుడు అక్కడ ఫిరంగి నమూనా ఒకటి నిలబెట్టారు. సింగపూర్ వెళ్లేవాళ్లు సెంటోసాలో ఫోర్ట్ సిలోసో చూసి సరిపెట్టుకోకుండా చాంగీకి కూడా వెళ్లాలి. దగ్గర్లో ఒక మ్యాప్ పెట్టుకుని జలసంధి ముఖం ఎక్కడుందో, టెకాంగ్ ఎటుందో, సెంబవాంగ్ ఎటుందో చూసుకుంటే, ఆ ఫిరంగులు అక్కడెందుకు పెట్టారో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.